మూత తియ్యని పసరు

నా నోరు మంచిది కాదని మా అమ్మ ఎప్పుడూ అంటుంది. నిజమే. నా కూతురికి పుట్టుకతోనే కిడ్నీలు చిన్నవి. దానికి తుమ్మొచ్చినా కిడ్నీ వల్లే అంటారు డాక్టర్లు. వినీ వినీ నాకు ఒళ్లు మండిపోయేది.

పోయినేడు వానల్లో జ్వరమొస్తే ఆస్పత్రిలో చేర్చాం. నరానికి యాంటీబయాటిక్ ఎక్కించారు. అంతకుముందూ ఎక్కించిన మందే. జ్వరం తగ్గింది గాని పిల్ల పాలిపోయింది. ఒంటేలు చింతపండు చారు రంగులో వచ్చింది. "కిడ్నీ పిల్లలకి రక్తం తక్కువే ఉంటుందమ్మా," అంది నర్సు.

అమ్మ హార్బరులో చేపలమ్ముకుని అట్నుంచటే వచ్చింది. మనవరాలి కనురెప్ప లాగి చూసి, "కళ్లు పసుపుముద్దల్లాగున్నాయి. పచ్చకామెర్లే ఇవి. సూదులకేటి తగ్గుతాయి? పసరు పొయ్యాల," అంది. మా వాళ్లకి కామెర్లంటే పసరే. చిన్నప్పుడు నాకూ పోశారు. మర్నాడు ఎలమంచిలి వెళ్లి సీసాతో తెచ్చేసింది.

"ఉన్న కిడ్నీ కూడా పోద్ది! దాని నోట్లో సుక్క పడ్డాదంటే నిన్ను నా గుమ్మం తొక్కనివ్వను!" వార్డంతా వినేలా అరిచాను. అమ్మ సీసాని కొంగున ముడేసుకుని కూర్చుంది.

సాయంత్రానికి పిల్ల లేచి కూర్చోలేకపోయింది. రక్తం బాగా పడిపోయిందని డాక్టరు పరుగున వచ్చాడు. ఆ కళ్లు చూసి, "పసరేమైనా పోశారా? నిజం చెప్పండి," అన్నాడు. నేను అమ్మ వైపు తిరిగాను. మధ్యాహ్నం నేను ల్యాబుకి వెళ్లినప్పుడు పిల్ల దగ్గరున్నది అమ్మే.

అమ్మ కొంగుముడి విప్పింది. మూతకి చుట్టిన దారం చుట్టినట్టే ఉంది. "నా కూతురు వద్దనీసింది కద బాబూ. నాను పొయ్యలేదు. అప్పన్న మీదొట్టు."

డాక్టరు సీసాని చూశాడు. తర్వాత స్టాండుకి వేలాడుతున్న యాంటీబయాటిక్‌ని చూశాడు. "దాన్ని ఆపండి," అన్నాడు నర్సుతో. ఆ మందు పడక పిల్ల ఒళ్లు తన రక్తకణాల్ని తానే చంపుకుంటోందని పరీక్షలో తేలింది. కళ్లలో పసుపు కామెర్ల రోగం కాదు, ఆ చచ్చిన రక్తం. పసరు పోసి ఉంటే అందరం దాన్నే తిట్టుకుంటూ ఆ మందు ఎక్కిస్తూనే ఉండేవాళ్లం. తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది.

రక్తం ఎక్కించాక పిల్ల మెల్లగా తేరుకుంది. ఇప్పుడు ఏ ఆస్పత్రికెళ్లినా ఎవరూ అడక్కముందే ఆ మందు పేరు చెప్పి, "నాకు పడదు," అంటుంది.

కూర్మన్నపాలెంలో మా ఇంటికొచ్చాక అమ్మ సీసాని దొడ్లో ఒంపేసింది. "సెయ్యి మూత దాకా ఎల్లిందే," అంది నా వైపు చూడకుండా. "నీ నోటికి జడిసి ఆగీసాను."

నేను అక్కడే కూలబడి ఏడ్చాను.