ప్రార్థన చేసేలోపు ఆరిపోయిన ఫోను

నాకు అక్షరాలు రావు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. తీర్పు మీరే చెప్పాలి.

ఈ రోజు పొద్దున చిన్న కూతురికి నొప్పులొచ్చాయి. బిడ్డ మొదటి ఏడుపు ఫోనులో వినిపిస్తానని బేగంపేట ఆసుపత్రి నుంచి అల్లుడు మాటిచ్చాడు. కార్ఖానా బస్తీలోని మా ఇంటి నుంచి పెద్ద కొడుకు కారులో బయల్దేరాం. వాడు తన ఫోను ఇంట్లో మరిచాడు. నా ఫోనులో ఛార్జింగ్ అయిపోవచ్చిందని, కారులో సిగరెట్ అంటించుకునే చోట వైరు గుచ్చి తగిలించాడు.

కదిలే బండిలో ప్రార్థన ఏమిటని రోడ్డు పక్కన ఆపించి, ఇంజను కూడా కట్టేయించాను. అరగంట ప్రార్థించి కళ్లు తెరిస్తే ఫోను ఆరిపోయి ఉంది.

“ఇంజన్ బంద్ జేస్తే అందుల కరెంటు రాదమ్మా,” అన్నాడు పెద్దోడు.

“మరి డోర్ తీస్తే లైటెట్ల వెలిగిందిరా? హారనెట్ల మోగుతది? గవేమన్న నీకు చుట్టాలా?”

“గది వేరేనమ్మా.”

“ఏం వేరే? బ్యాటరీ ఒక్కటే గదా!”

వాడు బండి స్టార్ట్ చేశాడు.

మేం వెళ్లేసరికి మనవడు పాలు తాగి నిద్రపోతున్నాడు. నేను ఆమెన్ అన్న వేళకే పుట్టాడట. కాబట్టి ప్రార్థనది తప్పు కాదు. మరి నాకు రావాల్సిన ఆ ఏడుపు ఎవరి వల్ల పోయింది? కార్లు తెలిసినవాళ్లు చెప్పండి.