పాత పట్టీ మీద కొత్త శిలువ

రాజు దాయాదులు ఓర్లియన్స్, బర్గండీ అని రెండు పక్షాలై కొట్టుకునే రోజులవి. మా కోట ప్రభువు గిస్కార్ ఓర్లియన్స్ పక్షం చేరినప్పుడు, ఆయన సైనికులకు ఆ పక్షం గుర్తుగా భుజాన వేసుకునే తెల్లపట్టీలు కుట్టింది మా వీధి అమెలీన్. మూడేళ్లకు ఆయన చొక్కా మార్చినంత తేలిగ్గా బర్గండీ పక్షానికి దూకి, అవే పట్టీల మీద ఎర్రశిలువ కుట్టమన్నాడు.

పొలిమేర కాపలాలో ఉన్న ఆమె మొగుడు ఒడార్‌కి కబురంపడం మాత్రం మరిచారు. ఉత్త తెల్లపట్టీతో తిరిగొచ్చిన అతణ్ణి శత్రువనుకుని కోట వాకిట్లో సొంతవాళ్లే పొడిచేశారు.

ప్రభువు వచ్చి శవం ముందు నిలబడ్డాడు. "పొరపాటైపోయిందమ్మా. మనవాడే కదా, శిలువ కుట్టి పాతిపెట్టు."

అమెలీన్ తలెత్తలేదు. "వద్దు దొరా. రేపు తమరు మళ్లీ అటు దూకితే, గొయ్యి తవ్వి ఆ కుట్లు విప్పాల్సింది నేనేగా."