గేర్‌బాక్సు మీద ఎర్ర చుక్క

కారు గేర్‌బాక్సు మూలిగితే, లోపల ఏ గేరుకి ఏ పన్ను అరిగిందో కళ్ళు మూసుకుని చెప్పగలిగినవాళ్ళు బెజవాడ ఆటోనగర్ మొత్తంలో ఇద్దరే ఉండేవారు. ఒకరు మా ఖాదర్ మేస్త్రీ గారు. రెండోవాణ్ణి నేను. ఆయన పోయి చాలాకాలమైంది కాబట్టి ఇప్పుడు మిగిలింది నేనొక్కణ్ణే.

మొన్న మా అమ్మాయి పద్మ నన్ను కళ్ళ డాక్టరు దగ్గరికి తన కారులో తీసుకువెళ్తోంది. వంతెన ఎక్కగానే కింద ఎక్కడో సన్నటి మూలుగు మొదలైంది. చెవిలో దోమ దూరినట్టు, వేగం పెరిగేకొద్దీ గొంతు పెంచుకుంటూ. నా అరచేతులకి చెమట పట్టింది. రెండు చేతులా సీటు అంచు పట్టుకున్నాను.

"ఆపమ్మా, బండి ఆపు!"

"వంతెన మీద ఎక్కడ ఆపను నాన్నా?"

"గేర్‌బాక్సులో నూనె లేదు. ఈ చెవి ఎప్పుడూ తప్పు చెప్పదు."

వంతెన దిగాక కనిపించిన మొదటి షెడ్డులో ఆపింది. అక్కడి మెకానిక్కు జాకీ ఎత్తి, చక్రాన్ని చేత్తో ఒక తిప్పు తిప్పి, "గేర్‌బాక్సు శుభ్రంగా ఉంది తాతగారూ. చక్రం బేరింగు పోయింది, అంతే" అన్నాడు. పద్మ నవ్వు ఆపుకోవడానికి ఫోను చూసుకుంది.

అంచేత మొదట రాసిన మాటలు కొంచెం సాగదీశానని ఒప్పుకోవాలి. అలా చెప్పగలిగినవాడు ఆటోనగర్‌లో ఒక్కడే ఉండేవాడు, ఆయనే ఖాదర్ మేస్త్రీ. నా చెవికి తెలిసింది ఒకే ఒక్క మూలుగు. నలభై ఏళ్ళ పైమాట, ఉయ్యూరు దారిలో విన్నాను. అప్పటి నుంచి ఏ బండి మూలిగినా నాకు అదే వినిపిస్తుంది.

మేస్త్రీ గారు సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాలో ఉండేవారు. గ్రీజు పనివాడికి ఇస్త్రీ ఏమిటని అందరూ నవ్వేవారు. మూలిగే బండి వస్తే డ్రైవరు పక్క సీట్లో కూర్చుని, గేరు రాడ్డు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకునేవారు. ఒకసారి మైలవరం నుంచి ఒకాయన పాత కారు తెచ్చి, దానికి దిష్టి తగిలిందన్నాడు. మేస్త్రీ గారు ఇంజను ఆన్ చేయించి, న్యూట్రల్‌లో ఉంచి, క్లచ్ తొక్కమన్నారు. మూలుగు ఆగింది. వదలమన్నారు. మళ్ళీ వచ్చింది.

"దిష్టి కాదండీ, ఇంజను పక్కనుండే బేరింగు అరిగింది."

"మరి రివర్సులో కూడా కుయ్యిమంటోంది కదండీ?"

"రివర్సు గేరు స్వభావమే అంత. మిమ్మల్ని వెనక్కి నడవమంటే మీరు మాత్రం గొణగరా?"

మూలుగు ఎప్పుడు వస్తోంది, క్లచ్ తొక్కితే పోతోందా, ఏ గేరులో పెరుగుతోంది. ఈ మూడు ప్రశ్నలతోనే సగం జబ్బు తేల్చేసేవారు. ఆయన షెడ్డులో ఇంకో రెండు ఆచారాలుండేవి. గేర్‌బాక్సులో కొత్త నూనె పోశాక, బిరడా బిగించి, దాని మీద ఎర్ర రంగుతో చుక్క పెట్టాలి. చుక్క ఉందంటే నూనె ఉన్నట్టే, ఇక ఎవరూ తిరిగి విప్పి చూడరు. రెండోది, గేర్‌బాక్సు విప్పి బిగించినవాడు బండి అప్పగించేముందు తన ఇంటివాళ్ళని ఎక్కించుకుని నడపాలి. పక్క సీట్లో మేస్త్రీ గారు కూర్చుంటారు. "మనవాళ్ళు ఎక్కడానికి పనికిరాని బండి ఊళ్ళోవాళ్ళకి ఎలా ఇస్తాం?" అనేవారు.

ఉయ్యూరు చెరుకు రైతు ఒకాయన తెల్ల కారు అలాగే నా చేతికి వచ్చింది. అప్పటికి నాకు ముప్ఫై దాటాయి, ఆరేళ్ళుగా మేస్త్రీ గారి దగ్గరే పని. గేర్‌బాక్సు బిగించి, బండి అప్పగించడానికి ఉయ్యూరు బయల్దేరాం. మా ఆవిడ సుగుణ పుట్టిల్లు ఉయ్యూరే కావడంతో, ఎనిమిది నెలల పద్మని ఎత్తుకుని నా వెనక సీట్లో కూర్చుంది. పెనమలూరు దాకా బండి పిల్లిలా నడిచింది. నేను ఈల కూడా వేశాను.

కంకిపాడు దాటి కాలవ వెంట పడ్డాక మూలుగు మొదలైంది.

మేస్త్రీ గారు గేరు రాడ్డు మీద చెయ్యి వేశారు. "మూడులోకి దించు." దించాను, పోలేదు. "మళ్ళీ నాలుగు వెయ్యి." వేశాను, పోలేదు. "క్లచ్ తొక్కి వదులు." ఏ గేరులోనూ తేడా లేదు. ఆయన నుదురు ముడుచుకుంది.

"నూనె తక్కువైతే ఇలా అరవాలి. కానీ చుక్క ఉందిగా, నేను చూశాను. నువ్వే పెట్టావు కదూ రంగారావూ?"

సరిగ్గా అప్పుడు నాకు గుర్తొచ్చింది. ముందురోజు పాత నూనె దించాను. కొత్త డబ్బా తెచ్చి గోడవార పెట్టాను. ఈలోగా రంగు ఆరిపోతుందని, ఆ రోజు సిద్ధమైన మరో రెండు బళ్ళతో పాటు దీనికీ కుంచెతో చుక్క పెట్టేశాను. ఆ డబ్బా ఇంకా గోడవారే ఉంది. మూత కూడా తియ్యలేదు.

"ఆ, నేనే పెట్టానండీ" అన్నాను.

అబద్ధం కాదు. అబద్ధం కన్నా ఘోరం. వారం కిందటే ఆయన నలుగురి ముందు, "నా తర్వాత ఈ షెడ్డు రంగారావుదే" అన్నారు. ఆ మాట నా నోటికి తాళం వేసింది. నూనె లేని గేర్లు ఒకదాన్నొకటి కాల్చుకుంటాయని నాకు తెలుసు. ఎక్కడో ఒకచోట పట్టేస్తే వెనక చక్రాలు రెండూ ఉన్నపళాన ఆగిపోతాయి. ఎడమ పక్క నిండు కాలవ, ఎదురుగా చెరుకు ట్రాక్టర్లు, వెనక సీట్లో పిల్ల ఏదో ఊసులాడుతోంది. మూలుగు కాస్తా ఏడుపైంది. కాలిన వాసన తగిలింది. అయినా నా కాలు యాక్సిలరేటరు మీదే ఉంది. ఉయ్యూరు చేరితే చాలు, దొంగచాటుగా నూనె పోసేస్తాను, ఇంకో నాలుగు మైళ్ళే కదా అనుకున్నాను.

మేస్త్రీ గారు కళ్ళు మూసుకుని వింటూనే ఉన్నారు. అంత చప్పుడులో ఆ ముఖం ఎంత ప్రశాంతంగా ఉందో! ఆ నిబ్బరం చూసే నాకు సిగ్గేసింది. బ్రేకు తొక్కి, బండి పక్కకి తీసి, "మేస్త్రీ గారూ, నూనె పొయ్యలేదండీ" అన్నాను.

ఆయన ముందు సుగుణనీ పిల్లనీ బస్సెక్కించారు. బండి చల్లారాక ఇస్త్రీ చొక్కాతోనే కిందికి దూరి, బిరడా విప్పి, చిటికెన వేలు లోపలికి పెట్టి తీసి, నాకు చూపించారు. వేలు పొడిగా ఉంది.

"చుక్క నువ్వు పెట్టావు. వేలు పెట్టి చూడకుండా నేను నమ్మాను" అన్నారు. "షెడ్డు నీదే అన్న మాట అలాగే ఉంది. భయమేస్తే మాత్రం ముందు నోరు తెరువు రంగారావూ, తర్వాత గేరు మార్చు."

మర్నాటి నుంచి, నూనె పోసినవాడు కాకుండా ఇంకొకరు వేలు పెట్టి చూశాకే చుక్క. ఆయన తర్వాత షెడ్డు నడిపినన్నాళ్ళూ నేనూ అదే పాటించాను. ఇప్పుడు షెడ్డు లేదు. చిటికెన వేలు మాత్రం ఊరుకోదు. పడుకునేముందు గ్యాసు కట్టేశానని నేనే చెప్పి, నిజమో కాదో చూసిరమ్మని సుగుణని పంపిస్తాను. మూలుగు వినపడితే ఇప్పటికీ చెమట పడుతుంది. ఆ చెమట ఆయన ఇచ్చి వెళ్ళిందే, తుడుచుకోవాలని లేదు.

ఇంతవరకు రాసి సుగుణకి చదివి వినిపించాను. కందిపప్పు చేట పక్కన పెట్టి, కళ్ళజోడు సవరించుకుంది.

"బ్రేకు మీకై మీరు తొక్కారా? 'బండి ఆపుతారా, పిల్లతో దూకెయ్యమంటారా' అని నేను మీ చొక్కా కాలరు పట్టుకుంటే తొక్కారు. ఇక మేస్త్రీ గారు వినడమేమిటండీ? మీ వెనక కూర్చున్న నాకు ఆయన పెదాలు కదలడం కనిపిస్తూనే ఉంది. దువా చేసుకుంటున్నారు. మీకన్నా ఎక్కువ భయపడింది ఆయనే. అది కూడా రాయండి."