దేవుడు చూపించని ఎత్తు

తొమ్మిదేళ్లుగా దీన్ని మోస్తున్నాను. ఇక చేతకావడం లేదు, అందుకే మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు. అదే కాస్త ధైర్యం.

మాది రఘునాథపల్లి దగ్గర చిన్న క్రైస్తవ సంఘం. విశ్వాసికి ఆటలు తగవని మా పెద్దలు అంటారు. నాకేమో చదరంగం పిచ్చి. జనగామ గ్రంథాలయంలో, ఒక పాత పత్రికలో, ఒక గ్రాండ్‌మాస్టర్ ఆట దొరికింది. ఎదుటి రాజు కోట కట్టుకుని నిశ్చింతగా ఉన్న వైపే ఆయన దాడి చేశాడు. ముందు ఒంటెను బలి ఇచ్చాడు. దాన్ని కొట్టడానికి రాజు బయటికి రాగానే గుర్రం దూకింది, వెనకే మంత్రి వచ్చిపడ్డాడు. ఆ ఆటను కాగితం మీద ఎక్కించుకుని, నాలుగు నెలలు తలుపు వేసుకుని సాధన చేశాను.

ఆ ఏడు జనగామ పోటీలో, చివరి ఆటలో, అచ్చం అదే స్థితి వచ్చింది. ఒంటెను ఇచ్చేశాను. ఎదుటివాడు నవ్వాడు. ఎనిమిది ఎత్తుల్లో అతని రాజుకు నిలవడానికి గడి లేకపోయింది.

నేను కప్పు గెలిచిన సంగతి పెద్దల చెవిన పడింది. ఆదివారం ఆరాధనలో నన్ను లేపి, ఈ ఆట ఎక్కడ నేర్చావని అడిగారు. భయపడ్డానా? లేక అంతమంది నావైపే చూస్తుంటే గొప్ప అనిపించుకోవాలనిపించిందా? ఇప్పటికీ తేల్చుకోలేను. నేనేమీ నేర్చుకోలేదనీ, ప్రార్థిస్తే ప్రభువే ఆ ఎత్తు చూపించాడనీ సాక్ష్యం చెప్పాను. చప్పట్లు మోగాయి. అబద్ధ సాక్ష్యం పాపమని పిల్లలతో వల్లె వేయించేది నేనే.

ఆరాధన అయ్యాక సుగుణ వచ్చింది. టీచరు ఉద్యోగ పరీక్షకు చదువుతున్న అమ్మాయి.

"ఏందన్నా, దేవునికి చదరంగం గూడ వస్తదా?" అంది నవ్వుతూ.

"ఆయనకు రానిదేముంది చెల్లె?"

"జర నిజం చెప్పు. పుస్తకం ముట్టనే లేదా?"

"ముట్టలే. ఉపవాసముండి మోకాళ్ల మీదున్న. గంతే."

ఆమె నవ్వు ఆగింది. "అయితే నేను దేవున్ని ఇడిచి గీ పుస్తకాలను నమ్ముకున్ననా?"

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. అవునన్నట్టు తల ఊపాను.

పరీక్షకు ఇంకా ఇరవై రోజులున్నాయి. సుగుణ పుస్తకాలు కట్టగట్టి అటక మీద పెట్టింది. ఉపవాసం పట్టింది. కొద్ది మార్కుల తేడాతో ఉద్యోగం చేజారింది. మళ్లీ నోటిఫికేషన్ వచ్చేసరికి ఏళ్లు గడిచాయి, ఆమె దరఖాస్తే పెట్టలేదు. ఎందుకమ్మా అంటే, "నీ లెక్క నమ్మలేకపోయిన అన్నా. నా విశ్వాసం ఆవగింజంత గూడ లేకపాయె" అంది.

ఉద్యోగం చేజారినందుకంటే ఆ మాటకే నేను ఎక్కువ కుంగిపోయాను. ఆమె ఇప్పుడు స్టేషన్ ఘన్‌పూర్‌లో బట్టలు కుడుతోంది. నేను సంఘపెద్దను. తన విశ్వాసం పెరగాలని ప్రార్థించమంటూ నా దగ్గరికే వస్తుంది. పోయిన ఆదివారం కూడా ఆమె తల మీద చేయి పెట్టి ప్రార్థించాను. ఆ ప్రార్థనను ఆయన విన్నాడా? వింటే ఏమనుకున్నాడు?

ఆ ఎత్తు ప్రభువు చూపించలేదు. పత్రికలో చూసి నేర్చుకున్నాను. సుగుణ విశ్వాసంలో ఏ లోపమూ లేదు.

ఈ మాటలు ఆమెకింకా చెప్పలేదు. క్షమించమని అడిగే ముఖం లేదు, ఆయన్నయినా, ఆమెనయినా. కానీ ఒక మనిషికి, మీకు, చెప్పాను. తొమ్మిదేళ్లకు ఈ నోటి నుంచి వచ్చిన మొదటి నిజమైన సాక్ష్యం ఇదే.