సీనియర్ గారి అమ్మ

మోక్పో అనే రేవు ఊళ్ళో చేపల బజారులో ఎండు నెత్తళ్ళమ్మే బొక్‌సున్‌కి ఒకే ఒక్క పిచ్చి: కన్నకూతుర్ని "సీనియర్ గారూ" అని పిలవడం. కూతురు హేరిమ్ కాలేజీలో తత్వశాస్త్రం మూడో ఏడు. శాఖ మూసేస్తారన్న పుకారు విని నిద్రపోని పిల్ల. యాభై దాటిన అమ్మ సరిగ్గా ఆ శాఖలోనే మొదటి ఏడులో చేరి కూర్చుంది. ఒక్క ఏడు ముందు చేరినవాళ్ళకైనా అక్కడ నడుం వంచి దణ్ణం పెట్టాల్సిందే. ఈవిడ ఎంత వంగేదంటే, ఏదో పారేసుకుని వెతుక్కుంటోందనుకుని జనం పక్కకి తప్పుకునేవాళ్ళు.

ఇంట్లోనూ అదే వరస. తెల్లారగానే దుప్పటి లాగి, "సీనియర్ గారూ, తమరు లేస్తారా, నెత్తిన నీళ్ళు పొయ్యమంటారా?"

"అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటానే, ఆపు!"

"అపచారం! జూనియర్ కాళ్ళు పట్టుకోవడమేంటండీ!"

అన్ని ఏళ్ళవాళ్ళకీ కలిపి జరిగే క్లాసులో తాక్ మాస్టారు "ఉనికి అంటే ఏమిటి?" అని అడిగితే, ఈవిడ లేచి "నాకు తెలీదండీ, మా సీనియర్ గారిని అడగండి" అంది. సీనియర్ గారికీ తెలీదు.

జూనియర్లకి సీనియర్లే భోజనం పెట్టించడం అక్కడి ఆనవాయితీ. ఒకరోజు కాంటీనులో హేరిమ్ స్నేహితులందరి ముందూ బొక్‌సున్ ఖాళీ పళ్ళెం చాచింది.

"ఆకలండీ, సీనియర్ గారూ!"

అందరూ పగలబడి నవ్వారు. హేరిమ్ మొహం కందగడ్డయింది. "ఇంట్లో చేపల కంపు చాలదా? ఇక్కడికీ మోసుకొచ్చావా?"

నవ్వులు ఆగిపోయాయి. బొక్‌సున్ నవ్వుతూనే ఉంది, పళ్ళెం మాత్రం దించేసింది.

హేరిమ్ సరాసరి తాక్ మాస్టారి గదికి పోయింది. "మా అమ్మ పేరు కొట్టేయండి మాస్టారూ. ఆవిడైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"కొట్టేస్తే ఇద్దరూ ఉండరమ్మా. మొదటి ఏడు ఖాళీ అయితే శాఖకి తాళమే. ఊళ్ళో పిల్లలే లేరు, ఉన్న నలుగురూ సియోల్ రైలెక్కారు. ఈ ఏడు చేరింది మీ అమ్మొక్కతే."

"ఆవిడకి తెలుసా?"

"తెలిసే చేరింది. నీకు చెప్పొద్దని నాకు బుట్టెడు నెత్తళ్ళు లంచం కూడా ఇచ్చింది."

హేరిమ్ కాంటీనుకి తిరిగొచ్చేసరికి అమ్మ ఇంకా అక్కడే కూర్చుని ఉంది. వేడి అన్నం, కిమ్చీ పులుసూ కొనుక్కొచ్చి ఆవిడ ముందు పెట్టింది. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. గద్దించింది.

"తిను. తిన్నాక చదువు. పరీక్ష పాసవ్వకపోతే ఊరుకోను, తెలిసిందా?"

బొక్‌సున్ చెంచా కింద పెట్టేసింది.

"అదొక్కటీ అడక్కండి సీనియర్ గారూ. నేను పాసైపోతే, వచ్చే సంవత్సరం మొదటి ఏడులో ఎవరుంటారండీ?"