నాన్న దాటేసిన కీర్తనలు

మా ఇంట్లో సాయంకాల ప్రార్థనకు నాన్న షేర్వానీ గుండీలు మెడదాకా పెట్టుకొని కూర్చునేవారు. జాగీరు కచేరీలో కాగితాలు చూసే పేష్కారుగా పనిచేసిన మనిషి. దేవుని సన్నిధి కూడా ఆయనకు ఒక దర్బారే. బైబిల్లోని కీర్తనల గ్రంథాన్ని వరుసగా, రోజుకొకటి చదివేవాళ్ళం. ఒక వచనం నాన్న, తర్వాతి వచనం అమ్మా అన్నా నేనూ కలిసి. మొరపెట్టుకునే కీర్తన ఎదురైతే మాత్రం నాన్న పేజీ తిప్పేసేవారు.

"దర్బారుకు పోతే సలాం చేస్తం. గోడు వెళ్ళబోసుకుంటమా?" అనేవారు.

నాకూ అది సబబుగానే తోచేది. మారేడ్‌పల్లిలో తాత కట్టించిన బంగళా మాది. చర్చిలో మొదటి బెంచీ మాది. అడుక్కోవలసిన అవసరం మాకు ఏనాడూ రాలేదు.

సంస్థానంలోకి సైన్యం దిగిన పోలీసు చర్య నాటికి అన్న బీదరు వైపు జాగీరు గ్రామాల్లో ఉన్నాడు. అక్కడి కచేరీ కాగితాలు తెమ్మని పంపింది నాన్నే. ఆ కచేరీ తగలబడిందనీ, లోపలున్నవాళ్ళెవరూ బయటపడలేదనీ అటు నుంచి వచ్చిన బండివాడు చెప్పాడు. శవం కనపడలేదు గనుక నాన్న నమ్మలేదు. ఆ తర్వాత జాగీర్లు రద్దయ్యాయి, నాన్న కొలువు పోయింది, అప్పులకు బంగళా పోయింది, మోండా మార్కెట్ వెనక రెండు గదుల్లోకి వచ్చిపడ్డాం.

మా క్రైస్తవుల్లో ఎవరైనా పోతే చర్చి సంఘమంతా ఆ ఇంట్లో చేరి ఆదరణ కూటం పెడుతుంది. పాటలు పాడతారు, ఇంటివాళ్ళను కడుపారా ఏడవనిస్తారు, అన్నం కూడా వాళ్ళే వండి తెస్తారు. అమ్మకు కావలసింది అదొక్కటే. తన కొడుకు పేరు చెప్పి నలుగురిలో ఏడవాలి. కూటం పెడితే కొడుకు పోయాడని ఒప్పుకున్నట్టేనని నాన్న పెట్టనివ్వలేదు. అమ్మ పొయ్యి పొగను సాకు పెట్టుకొని ఏడ్చేది.

పక్క గదిలో ఉండే ముసలి ముస్లిం ఆవిడ నల్లా దగ్గర అమ్మను నవ్వించబోయేది. "మీ సాబ్ నీళ్ళు మోసేటప్పుడు సుత షేర్వానీ విప్పడా ఏందీ?" అమ్మ నవ్వకపోతే గొంతు తగ్గించి, "మా ఇంట్లకొచ్చి ఏడ్వు బిడ్డా. మీ సాబ్‌కు నేను చెప్పను" అనేది. అమ్మ వెళ్ళలేదు. పొరుగింట్లో ఏడవడానికి ఆమెకూ పౌరుషం అడ్డొచ్చింది.

ఒక సాయంకాలం, సృష్టి అంతా దేవుణ్ణి స్తుతించాలని పిలిచే కీర్తన వంతు వచ్చింది. నాన్న మొదటి వచనం గట్టిగా చదివారు. అమ్మ పుస్తకం మూసేసింది. పుట్టింట్లో కంఠతా పట్టిన మరో కీర్తన అందుకుంది. రాత్రీ పగలూ మొరపెట్టినా జవాబు దొరకని మనిషి కీర్తన అది. చివరికి అతనికి చీకటి తప్ప తోడు మిగలదు.

"ఇయ్యాల్టిది అది కాదు," అన్నారు నాన్న.

"నాకు ఇదే ఇయ్యాల్టిది. నా కొడుకు సంగతి దేవునికి సుత చెప్పొద్దా?"

ఆ మాటతో మళ్ళీ మొదలుపెట్టింది. నాన్న చదవాల్సిన వచనాలు కూడా తనే చదివింది.

ఆ కీర్తనను ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు చదివాను. ఆఖరున ఓదార్పు మాట ఒక్కటీ ఉండదు. అయినా హెబ్రీయులు దాన్ని ఆరాధనలో పాడుకున్నారు, గ్రంథంలోంచి తీసెయ్యలేదు. ఆ మనిషి దేవునితో తగాదా పడతాడు, కానీ దేవుని ఎదుట నుంచి లేచిపోడు. మేము అన్నేళ్ళు వరుస తప్పకుండా చదివిన స్తుతుల్లో అంత నిజం ఉందని నేను చెప్పలేను.

అమ్మ ఆగింది. చివర ఆమేన్ చెప్పడం నాన్న వంతు. ఆమేన్‌కు బదులు ఆయన "ఆదివారం సంఘానికి చెప్తా. కూటం పెట్టుకుందాం," అన్నారు.

అడిగింది దొరికింది గనుక అమ్మకు గుండె బరువు దిగుతుందనుకున్నాను. ఆమె నాన్న మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అంటే, పోయిండా?"

"పోయిండు," అన్నారు నాన్న. "నేనే పంపిన."

"ఎందుకు పంపితిరి?" అని అమ్మ అడిగింది. మళ్ళీ మళ్ళీ అదే అడిగింది. నాన్న గొంతెత్తి ఏడవడం నేను మొదటిసారి విన్నాను.