బొంతకు కుట్టేసిన కొంగు

కుట్టుమిషను ముందు కూర్చుని వేల్లోకి సూది దింపుకున్నవాళ్లు మీకు తెలిసే ఉంటారు. నేను వాళ్లకంటే నాలుగు మెట్లు పైనున్నాను. నన్ను నేనే బొంతకు కలిపి కుట్టేసుకున్నాను. అదీ అక్క కొడుకును ఉయ్యాల్లో వేసే రోజు, పేరంటాళ్లంతా ముందు గదిలో కూర్చుని ఉండగా. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ వెంటనే అక్క ముఖం గుర్తొస్తుంది.

అమ్మ పోయిన ఏడాదికి అక్క కానుపుకని ముత్తుకూరులో మా ఇంటికొచ్చింది. బిడ్డ తొలి బొంత అమ్మమ్మ కుట్టడం మా ఇళ్లలో ఆనవాయితీ. అమ్మ లేదు కాబట్టి ఆ పని నా మీద పడింది. అమ్మ నాకు కుట్టు నేర్పిన తొక్కుడు మిషనేమో తుప్పుపట్టి మూలుగుతోంది. సరే, కొత్తది కొందామని మా వీధిలో జాకెట్లు కుట్టే ఖాదర్‌బీ పిన్నమ్మను తోడు తీసుకుని నెల్లూరు వెళ్లాను.

పిన్నమ్మ దుకాణంలో అడుగుపెట్టగానే నల్లటి తొక్కుడు మిషను దగ్గర ఆగిపోయింది.

"ఇది తీసుకో మే. తొక్కితే పోతాది, చక్రం పట్టుకుంటే నిలబడతాది."

"దాంట్లో పువ్వులు రావు కదా పిన్నమ్మా?"

"పసిబిడ్డ పండుకునేదానికి పువ్వులెందుకు?"

నేను వింటేగా! నా కళ్లు అప్పటికే తెల్లటి కరెంటు మిషను మీద పడ్డాయి. మీట తిప్పితే పువ్వులు, తీగలు, వరసగా నడిచే బాతులు కూడా కుడుతుందట. బాతులు చూశాక ఇంకెక్కడి బుద్ధి!

"కాలి కింద ఈ పెడలుంటది మేడమ్. ఎంత నొక్కితే అంత స్పీడు. కాలు తీస్తేనే ఆగుద్ది" అన్నాడు దుకాణదారు.

"నాకు తెలుసులేండి" అన్నాను. నాకేం తెలుసో మీరే చూద్దురుగాని.

ఇంటికి రాగానే గుడ్డముక్కలు అతికి ప్రయోగాలు మొదలుపెట్టాను. దిండు గలీబులు రెండు వంకరపోయాయి. మా ఆయనకు టిఫిను సంచి కుట్టి ఇస్తే, పోర్టులో పనికి ఒక్కరోజు పట్టుకెళ్లి, మర్నాటి నుంచి పాత ప్లాస్టిక్ కవరే బాగుందన్నారు. ఆయనకు కళాదృష్టి లేదని తీర్మానించి బొంత మీద పడ్డాను. మెత్తటి పాత నూలు చీరలు నాలుగు పొరలు పరిచి, పైన రంగురంగుల ముక్కలు అతికాను. ఉయ్యాల రోజుకు ఒక్క అంచు మిగిలింది. దాని మీద బాతులు నడవాలి.

ఆ పొద్దున పేరంటానికి కట్టుకుంటానని అక్క దగ్గరున్న అమ్మ చీర అడిగాను. వెంకటగిరి నూలు చీర, అమ్మ ఇష్టంగా కట్టుకున్నది. అక్క ఇవ్వడానికి కాసేపు తటపటాయించింది.

"పదిలం మే. అమ్మ చీరల్లో మనకు మిగిలింది ఇదొక్కటే."

"నేనేమన్నా చిన్నపిల్లనా అక్కా?"

చిన్నపిల్లలే నయం. పేరంటం రోజు కదా అని కొంగు దోపుకోకుండా మిషను ముందు కూర్చున్నాను. నాలుగు బాతులు నడిచాయో లేదో, భుజం దగ్గర ఎవరో లాగినట్టయింది. చూస్తే కొంగు బొంత కిందికి జారి సూది కిందికి పోతోంది. తొక్కుడు మిషను ఆపాలంటే మడమతో గట్టిగా అదిమిపట్టడం నా చిన్నప్పటి అలవాటు. అదిమాను. మిషను పరుగందుకుంది. ఇంకా గట్టిగా అదిమాను. ఇంకా జోరుగా పరిగెత్తింది. ప్లగ్గు పీకేసరికి మూరెడు కొంగు బాతుల పాలైంది.

"బొంత తేమ్మే! పిల్లోడ్ని ఉయ్యాల్లో ఎయ్యాల" అని కేక పెట్టింది అక్క.

"తెస్తన్నా."

"నువ్వు పని చూసుకో, బొంత ఇచ్చి పంపు."

"నేను లేకుండా అది రాదక్కా!"

బొంతను చంకలో పెట్టుకుని ముందు గదిలోకి వెళ్లాను. పేరంటాళ్లు పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఖాదర్‌బీ పిన్నమ్మ ఒక్కతే నవ్వలేదు. కళ్లజోడు పెట్టుకుని, సూదిమొనతో ఒక బాతును విప్పబోయింది. చీర నూలు పిగిలిపోయింది.

"కుట్టు విప్పితే చీర చిరిగిపోతాది మే. చీరన్నా కొయ్యాల, బొంతన్నా కొయ్యాల."

"బొంత కోసెయ్ పిన్నమ్మా, ఇంకోటి కుడతా" అన్నాను ఏడుపు ఆపుకుంటూ.

అక్క లేచి కత్తెర తీసుకుంది. "బిడ్డ తొలి బొంత మీద కత్తెర పెట్టకూడదు" అని, అమ్మ చీర కొంగు బొంత అంచు వెంబడే కత్తిరించేసింది. నేను మార్చుకుని ఇచ్చిన కొంగు లేని చీర మడతపెట్టి పెట్టెలో పెట్టుకుని, అక్క సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం ఉయ్యాల దగ్గర నుంచి అక్క పిలిచింది. పరిగెత్తాను. బొంతంతా పొడిగా ఉండగా, అమ్మ మనవడుగారు సరిగ్గా అమ్మ కొంగు మీదే తడిపేశాడు.

"చూసినావా, అమ్మమ్మ కొంగు ఏదో వాడికే తెలిసిపోయింది" అని అక్క నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. నేను మాత్రం నవ్వలేకపోయాను.

కాబట్టి పాఠకులారా, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నైటీ వేసుకుని తప్ప మిషను ముందు కూర్చోను. ఆ నైటీ కూడా నా సొంతదై ఉండాలి.